గాయానికి పేరు పెట్టేదెవరు? – గాయపడ్డ సైనికుల పిల్లల చదువులు, దళిత కుటుంబాలు

సరిహద్దులో సైనికుడు చనిపోతే ఊరు కదులుతుంది. జెండా కప్పుతారు, మంత్రులొస్తారు, చౌరస్తాలో విగ్రహం లేస్తుంది. 2020 జూన్ 15 రాత్రి గల్వాన్ లోయలో సూర్యాపేటకు చెందిన కల్నల్ సంతోష్‌బాబుతో సహా 20 మంది చనిపోయినప్పుడు తెలంగాణ ప్రభుత్వం ఆయన కుటుంబానికి 5 కోట్ల రూపాయలు, ఇంటి స్థలం, భార్యకు డిప్యూటీ కలెక్టర్ ఉద్యోగం ఇచ్చింది. మిగిలిన 19 మంది కుటుంబాలకు తలా 10 లక్షలు ప్రకటించింది. ఇవ్వడం న్యాయమే. అయితే అదే రాత్రి దెబ్బలు తిని బతికి బయటపడ్డ జవాన్ల పేర్లు మనలో ఎంతమందికి తెలుసు? చనిపోయినవాడికి దండ, బతికినవాడికి దఫ్తరు. ఇదీ మన దగ్గరి ఆనవాయితీ.

ఈ వ్యాసం ఆ దఫ్తరు గురించి. గాయపడి ఇంటికొచ్చిన సైనికుడి పిల్లల చదువుకు ప్రభుత్వం ఏమిస్తానంటోంది, ఎవరికిస్తోంది, ఆ ఇచ్చేదాంట్లో దళిత కుటుంబం ఎక్కడ జారిపోతోంది అనేదే ఇక్కడి ప్రశ్న. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల్లో జూనియర్ కాలేజీ గ్రౌండుకు తెల్లారగట్ల పోతే సమాధానం ఎందుకు కావాలో తెలుస్తుంది. పరుగు పరీక్ష కోసం ఉరికే పోరగాళ్ళలో భూమి ఉన్న ఇంటివాళ్ళు తక్కువ. కూలికి పోయే తల్లి, సింగరేణిలో కాంట్రాక్టు పని చేసే తండ్రి, మాదిగ, మాల, లంబాడ ఇండ్లు. మిలటరీ వాళ్ళకు దేశభక్తి కూడా, నెల జీతం కూడా. రెండూ నిజమే.

సైన్యంలో ఏ కులంవాళ్ళు ఎంతమంది ఉన్నారనే లెక్కను ప్రభుత్వం బయటపెట్టదు. 2006లో సచార్ కమిటీ ముస్లిం సైనికుల లెక్క అడిగినందుకే పెద్ద గొడవ జరిగింది. లెక్క లేనిచోట వాటా గురించి మాట్లాడలేం. కాబట్టి నిబంధనలనే చదవాలి. నిబంధన ఎవరిని లోపలికి రానిస్తుందో, ఎవరిని గడప దగ్గర నిలబెడుతుందో అక్షరాల్లోనే ఉంటుంది.

అంబేడ్కర్ బడి

ఈ విషయం మనకు కొత్తది కాదు. బాబాసాహెబ్ అంబేడ్కర్ 1891లో మౌ కంటోన్మెంటులో పుట్టారు. తండ్రి రామ్‌జీ సక్పాల్ సుబేదార్ మేజర్. సైన్యం నడిపిన బడిలో పాఠాలు చెప్పి ప్రధానోపాధ్యాయుడిగా పనిచేసినవాడు. ఈస్ట్ ఇండియా కంపెనీ సైన్యంలో సిపాయిల పిల్లలకు చదువు తప్పనిసరిగా ఉండేదని, అంటరానివాళ్ళ ఇండ్లలోకి అక్షరం వచ్చిన తొవ్వల్లో అదొకటని అంబేడ్కరే రాశారు. ఊరి బడి అరుగు మీదికి కూడా రానివ్వని రోజుల్లో దండు బడి లోపల కూచోబెట్టింది.

1890ల మొదట్లో ఆ తొవ్వ మూసేశారు. ‘యుద్ధ జాతులు’ అనే సిద్ధాంతం పెట్టి మహార్ల భర్తీ ఆపేశారు. గోపాల్ బాబా వలంగ్కర్ లాంటి మాజీ సైనికులు అర్జీలు పెట్టారు. మూసిన తలుపు మొదటి ప్రపంచ యుద్ధంలో మనుషులు అవసరమైనప్పుడు కొంచెం తెరుచుకుంది, యుద్ధం అయిపోగానే మళ్ళీ మూతబడింది. 1941లో మహార్ రెజిమెంటు ఏర్పడేదాకా కథ ఇంతే. ఇందులో పాఠం ఒకటుంది. సైనిక కుటుంబానికి వచ్చే చదువు సదుపాయం ఒక తరం దళితులను నిలబెట్టగలదు. దాన్ని తీసేయడానికి పెద్ద చట్టం అక్కర్లేదు, భర్తీ నిబంధనలో ఒక లైను చాలు.

గాయపడ్డవాళ్ళ కోసం ప్రత్యేకంగా ఆలోచించడం కూడా ఆ యుద్ధంలోనే మొదలైంది. అంగవైకల్యం వచ్చిన సిపాయిలకు చేతిపని నేర్పడానికి 1917లో క్వీన్ మేరీస్ టెక్నికల్ ఇన్‌స్టిట్యూట్ పెట్టారు, తర్వాత అది పూణే దగ్గరి కిర్కీలో స్థిరపడింది. 1919లో ఇండియన్ సోల్జర్స్ బోర్డు వచ్చింది. ఇప్పుడు ఢిల్లీలో ఉన్న కేంద్రీయ సైనిక్ బోర్డు దాని వారసురాలే.

ఒకే కాలు, రెండు కాయితాలు

ఒక సిపాయిని ఊహించుకుందాం. మహబూబాబాద్ జిల్లాలో ఒక మాదిగ వాడ నుంచి పోయాడు. కశ్మీరులో మందుపాతర పేలి కాలు పోయింది. సైన్యం రికార్డుల్లో అతను ‘బాటిల్ క్యాజువాలిటీ’. అదే సిపాయి శాంతి ప్రాంతంలో డ్యూటీ మీద పోతుండగా బండి బోల్తా పడి అదే కాలు పోగొట్టుకున్నాడనుకుందాం. అప్పుడు అతను ‘ఫిజికల్ క్యాజువాలిటీ’. పోయిన కాలు ఒకటే. ఇంట్లో పిల్లలూ వాళ్ళే. కానీ ఆ పిల్లల ఫీజు ఎవరు కడతారనేది ఈ రెండు మాటల మీద ఆధారపడి ఉంటుంది.

1971 యుద్ధం తర్వాత కేంద్రం ఒక సదుపాయం పెట్టింది. యుద్ధంలో చనిపోయిన, జాడ తెలియకుండా పోయిన, వికలాంగులైన సైనికుల పిల్లలకు మొదటి డిగ్రీ దాకా ట్యూషన్ ఫీజు, హాస్టల్ ఖర్చు, పుస్తకాలు, యూనిఫారం ఖర్చు ప్రభుత్వమే భరిస్తుంది. తర్వాత సియాచిన్‌కు, 1987-90 మధ్య శ్రీలంక వెళ్ళిన శాంతి సేనకు కూడా దీన్ని విస్తరించారు. అన్ని సదుపాయాల్లో ఇదే గట్టిది. 2017లో ట్యూషన్, హాస్టల్ కలిపి నెలకు 10,000 రూపాయలు మించకూడదని పరిమితి పెట్టారు. సైనిక కుటుంబాలు గొడవ చేస్తే 2018 మార్చిలో ఎత్తేశారు. గొడవ చేస్తే ఎత్తేస్తారు అనేది గుర్తుపెట్టుకోవలసిన సంగతి.

ఈ సదుపాయానికి తాళం చెవి ‘యుద్ధంలో’ అనే మాట. డ్యూటీలో దెబ్బ తగిలినా అది యుద్ధ గాయం కాకపోతే ఈ తలుపు తెరుచుకోదు. అప్పుడు మిగిలేవి వేరే పథకాలు.

ఒకటి, ప్రధానమంత్రి స్కాలర్‌షిప్ పథకం. 1962లో మొదలైన జాతీయ రక్షణ నిధి నుంచి 2006-07లో పెట్టారు. మాజీ సైనికుల పిల్లలకు, వితంతువులకు ఏడాదికి 5,500 స్కాలర్‌షిప్‌లు, అబ్బాయిలకు సగం, అమ్మాయిలకు సగం. 2019లో పెంచిన తర్వాత అబ్బాయికి నెలకు 2,500, అమ్మాయికి 3,000. ఇందులోనూ గాయానికి అంతస్తులున్నాయి. యుద్ధంలో చనిపోయినవాళ్ళ కుటుంబాలది మొదటి వరస. యుద్ధంలో వికలాంగులై ఇంటికొచ్చినవాళ్ళ పిల్లలది రెండోది. సర్వీసు కారణంగా చనిపోయినవాళ్ళది మూడోది. సర్వీసు కారణంగా వికలాంగులైనవాళ్ళ పిల్లలది నాలుగోది. మన సిపాయి బండి కింద పడితే రెండో వరస నుంచి నాలుగో వరసకు జరుగుతాడు.

రెండు, రక్షా మంత్రి నిధి నుంచి కేంద్రీయ సైనిక్ బోర్డు ఇచ్చే విద్యా సాయం. హవల్దార్ ర్యాంకు దాకా ఉన్న మాజీ సైనికుల పిల్లలకు, ఇద్దరికి మించకుండా, ఒకటో తరగతి నుంచి డిగ్రీ దాకా. చాలా ఏళ్ళు నెలకు 1,000 రూపాయలే ఉండేది. 2025 నవంబరు 1 నుంచి పెట్టుకునే దరఖాస్తులకు 2,000 చేశారు. పీజీ చదివే సైనిక వితంతువులకు కూడా ఇది వర్తిస్తుంది.

మూడు, మన రాష్ట్రంలో ఇంజనీరింగు సీట్లలో సైనికుల పిల్లలకు 2 శాతం కోటా. దీన్నే క్యాప్ అంటారు. అక్కడా ముందు యుద్ధంలో చనిపోయినవాళ్ళ పిల్లలు, తర్వాత యుద్ధంలో వికలాంగులై వచ్చినవాళ్ళ పిల్లలు.

అంటే ఏ తలుపు దగ్గరికి పోయినా అడిగే మొదటి ప్రశ్న ఒకటే: నీ నాయన గాయం పేరేంది? ఆ పేరు పెట్టేది సిపాయి కాదు. యూనిటు పంపిన రిపోర్టు, మెడికల్ బోర్డు రాసిన మాట పెడతాయి. జబ్బులైతే ఇంకా కష్టం. భర్తీ అయిన రోజు లేని జబ్బు సర్వీసులో వస్తే, అది సర్వీసు వల్ల వచ్చిందనే అనుకోవాలని, కాదని నిరూపించే భారం సైన్యానిదేనని 2013లో సుప్రీంకోర్టు ధరమ్‌వీర్ సింగ్ కేసులో చెప్పింది. కానీ ఆ తీర్పు వాడుకోవాలంటే సాయుధ బలగాల ట్రిబ్యునల్‌కు పోవాలి. తెలంగాణ దాని చెన్నై బెంచి పరిధిలో ఉంది. మహదేవ్‌పూర్ నుంచి చెన్నైకి కేసు నడపగల సిపాయి ఇల్లు ఎన్ని ఉంటాయి?

కాలు పోయినందుకిచ్చిన పైసలు ఆదాయమా?

ఇంతవరకూ చెప్పింది అన్ని కులాల సైనికులకూ వర్తిస్తుంది. దళిత కుటుంబం దగ్గర ఇంకో ముడి పడుతుంది.

ఈ ఇంటి పిల్లకు రెండు హక్కులున్నాయి. సైనికుడి బిడ్డగా ఒకటి, ఎస్సీ బిడ్డగా ఒకటి. ఒకటి తండ్రి చేసిన సేవకు, పోగొట్టుకున్న శరీరానికి ప్రతిఫలం. రెండోది తరతరాల వెలికి పరిహారం. ఈ రెండింటికీ కారణాలు వేరు. కానీ నిబంధన రెండింటినీ ఒకే గిన్నెలో పోస్తుంది. ఎస్సీ పోస్ట్‌మెట్రిక్ స్కాలర్‌షిప్ తీసుకునే విద్యార్థి ఇంకో స్కాలర్‌షిప్ తీసుకోకూడదు. ఏదో ఒకటి ఎంచుకోవాలి.

ఎంచుకునే అవకాశమైనా నిజంగా ఉందా? కేంద్ర పోస్ట్‌మెట్రిక్ పథకంలో కుటుంబ ఆదాయం ఏడాదికి 2.5 లక్షలు దాటకూడదు. అంటే నెలకు ఇరవై వేల ఎనిమిది వందల చిల్లర. పదిహేనేళ్ళు చేసిన సిపాయి పింఛనుకు కరువు భత్యం కలిస్తే ఈ గీత దాటిపోతుంది. వైకల్యానికి ఇచ్చే భాగం కూడా కలిపితే చెప్పనక్కర్లేదు. ఇదివరకు ఎస్సీ స్కాలర్‌షిప్ వచ్చే ఇల్లు, తండ్రి కాలు పోయినందుకు వచ్చిన పైసల వల్ల స్కాలర్‌షిప్ రాని ఇల్లు అవుతుంది.

ఇక్కడ ఒక వింత చూడండి. గాయం కారణంగా సర్వీసు నుంచి పంపేసిన సైనికుడి వైకల్య పింఛనుకు ఆదాయపు పన్ను లేదు. పన్ను వేసేటప్పుడు ప్రభుత్వమే అది ఆదాయం కాదంటుంది. అదే డబ్బు ఎస్సీ పిల్ల స్కాలర్‌షిప్ దగ్గరికి వచ్చేసరికి ఆదాయమవుతుంది. ఉద్యోగి ఇంటి అద్దె భత్యానికి పన్ను మినహాయింపు ఉంటే దాన్ని ఆదాయంలోంచి తీసేయొచ్చని పోస్ట్‌మెట్రిక్ నిబంధనలే చెప్పాయి. అద్దెకు దొరికిన మినహాయింపు పోయిన కాలుకు ఎందుకు దొరకదు?

పింఛను వచ్చేవాళ్ళు పేదలెట్లా అవుతారని అడిగేవాళ్ళుంటారు. వాడలో నెలనెలా పింఛను వచ్చే ఇల్లు పక్కింటికంటే మెరుగే, కాదనడం లేదు. కానీ వైకల్య భాగం కూలి కాదు, లాభం కాదు. శరీరంలోంచి పోయినదానికి కట్టిన వెల. దాన్ని సంపాదన అంటే, గాయపడటం ఒక వృత్తి అన్నట్టే.

సరే, ఎస్సీ తలుపు మూసుకుంది, ప్రధానమంత్రి స్కాలర్‌షిప్‌కు పోదామంటే అక్కడ రెండు గడపలు. ఇంటర్ లాంటి అర్హత పరీక్షలో 60 శాతం మార్కులుండాలి. చదివేది ఇంజనీరింగు, మెడిసిన్, బీఈడీ, ఫార్మసీ లాంటి వృత్తి కోర్సు అయ్యుండాలి. జనగామలోనో భూపాలపల్లిలోనో ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో బీఏ, బీకాం చదివే పిల్లకు అది రాదు. మొదటి తరం చదువరులు ఎక్కువగా చేరేది ఆ కోర్సుల్లోనే. కులం పేరు ఎత్తకుండానే నిబంధన కులాన్ని వడపోస్తుంది. ఆ పిల్లకు మిగిలేది రక్షా మంత్రి నిధి సాయం, నెలకు 2,000. అది ఉందని తెలిస్తేనే.

జిల్లా మారింది, కాయితం మారలేదు

2016 అక్టోబరు 11న వరంగల్ జిల్లాను విడగొట్టి జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి జిల్లాలు చేశారు. మహదేవ్‌పూర్, కాటారం మండలాలు కరీంనగర్ నుంచి వచ్చి భూపాలపల్లిలో కలిశాయి. గార్ల, బయ్యారం ఖమ్మం నుంచి వచ్చి మహబూబాబాద్‌లో కలిశాయి. 2019లో ములుగు విడిపోయింది. సిపాయి డిశ్చార్జి బుక్కులో మాత్రం పాత జిల్లా పేరే ఉంటుంది. ఆధార్‌లో ఇంకో జిల్లా, కుల ధృవీకరణ పత్రంలో మరో జిల్లా. దరఖాస్తులో ఇవన్నీ ఒకే మనిషివని చెప్పుకోవలసిన తండ్లాట ఆ కుటుంబానిదే.

ఇంతకంటే పెద్ద చిక్కు ‘పార్ట్ టూ ఆర్డర్’. సిపాయి పెండ్లి, పిల్లల పుట్టుక అందులో ఎక్కాలి. పిల్ల పేరు అందులోనూ డిశ్చార్జి బుక్కులోనూ లేకపోతే సైన్యం దృష్టిలో ఆ పిల్ల లేనట్టే. గాయపడి ముందుగానే ఇంటికొచ్చినవాళ్ళకు పిల్లలు తర్వాత పుడతారు. వాళ్ళ పేరు ఎక్కించాలంటే రికార్డు ఆఫీసుకు రాయాలి. మద్రాస్ రెజిమెంటు రికార్డులు నీలగిరుల్లోని వెల్లింగ్టన్‌లో ఉంటాయి, ఆర్టిలరీవి నాసిక్‌లో, మద్రాస్ ఇంజనీర్ గ్రూపువి బెంగళూరులో. బుక్కులో హిందీ గుమాస్తా రాసిన పేరు ఒకటి, టెన్త్ మెమోలో పంతులు రాసిన పేరు ఒకటి. పేరులో ఒక్క అక్షరం తేడా ఉంటే ఫైలు తిరిగొస్తుంది. చదువుకున్న ఇంట్లో ఈ తేడాలు ముందే దిద్దుకుంటారు. మన ఇండ్లల్లో పిల్ల ఇంటర్ పాసైన రోజున బయటపడతాయి. అప్పటికి దరఖాస్తు గడువు దగ్గరపడుతుంది.

ఇంకో గందరగోళం కూడా విడదీసుకోవాలి. సీఆర్‌పీఎఫ్, బీఎస్‌ఎఫ్‌లో చేసినవాళ్ళను మనం మిలటరీ అనే అంటాం. సర్కారు అనదు. వాళ్ళు హోం శాఖ కిందికి వస్తారు. వాళ్ళ పిల్లలకు కూడా ప్రధానమంత్రి స్కాలర్‌షిప్ ఉంది కానీ ఆ తొవ్వ వేరు, సైనిక్ బోర్డు ద్వారా కాదు. 2019లో ఉగ్రవాద, నక్సలైటు దాడుల్లో చనిపోయిన రాష్ట్ర పోలీసుల పిల్లలకు కూడా ఏడాదికి 500 కేటాయించారు. తప్పు కిటికీ దగ్గర నిలబడి ‘మీకు లేదు పో’ అనిపించుకొని తిరిగొచ్చినవాళ్ళు తమకు ఏదీ లేదనుకుంటారు.

అమెరికా నల్లవాళ్ళు చూపిన సంగతి

1943లో అమెరికా గాయపడ్డ సైనికుల చదువుకు, వృత్తి శిక్షణకు చట్టం చేసింది. 1944 జూన్‌లో జీఐ బిల్లు పేరుతో సైనికులందరికీ చదువు, ఇంటి రుణం హామీ ఇచ్చింది. గమనించండి, అక్కడ చదువు ముందు గాయపడ్డ మనిషికే. ఆ చట్టంలో నల్లవాళ్ళకు ఇవ్వొద్దని ఎక్కడా లేదు. కానీ అమలు స్థానిక దఫ్తర్ల చేతుల్లో పెట్టారు. దక్షిణాదిలో తెల్లవాళ్ళ యూనివర్సిటీలు నల్లవాళ్ళకు మూసి ఉన్నాయి, నల్లవాళ్ళ కాలేజీల్లో చోటు చాలలేదు. 1947లో మిసిసిపీలోని 13 పట్టణాల్లో ప్రభుత్వ హామీతో ఇచ్చిన 3,229 రుణాల్లో నల్ల సైనికులకు దక్కినవి 2. చట్టంలో రంగు లేదు, అమలులో ఉంది. మన నిబంధనల్లోనూ కులం లేదు. కానీ 60 శాతం మార్కులు, అక్షరం తేడా లేని కాయితాలు, ఢిల్లీకి రాసే భాష అడిగినప్పుడు కులం నడుచుకుంటూ వచ్చి కిటికీ దగ్గర నిలబడుతుంది.

అగ్నివీరుడి పిల్లలు ఎవరి పిల్లలు?

ఇదంతా మాజీ సైనికుడు అనే హోదా ఉన్నవాళ్ళ కథ. 2022 జూన్ 14న అగ్నిపథ్ వచ్చింది. జూన్ 17న సికింద్రాబాద్ స్టేషన్‌లో ఆందోళన మీద పోలీసులు కాల్పులు జరిపితే చనిపోయింది వరంగల్ జిల్లా పోరడే. జీతం కోసమే కొట్లాడారని చాలామంది అన్నారు. నిబంధనలు చదివితే అంతకంటే ఎక్కువే పోయిందని తెలుస్తుంది.

అగ్నివీరుడికి నాలుగేళ్ళు. నాలుగోవంతు మందినే ఉంచుకుంటారు. బయటికొచ్చినవాడికి పింఛను లేదు, మాజీ సైనికుడి హోదా లేదు. సర్వీసు కారణంగా వికలాంగుడైతే 100 శాతానికి 44 లక్షలు, 75కు 25 లక్షలు, 50కి 15 లక్షలు ఒకేసారి ఇస్తారు. అంకె పెద్దదిగానే కనిపిస్తుంది. కానీ గాయపడేనాటికి అతని వయసు ఇరవై చిల్లర. పెండ్లి కాలేదు, పిల్లలు లేరు. ఆ పిల్లలు కాలేజీకి వచ్చేసరికి ఇంకో ఇరవై ఏళ్ళు. అప్పటికి ఆ డబ్బు చెల్లెలి పెండ్లిలో, ఇంటి స్లాబులో, ఆస్పత్రిలో అయిపోయి ఉంటుంది. మాజీ సైనికుడి పిల్లల కోసమున్న పథకాల గడప వాళ్ళు తొక్కలేరు, తండ్రి మాజీ సైనికుడు కాదు కాబట్టి.

ఇంటర్‌తోనో టెన్త్‌తోనో పోయి, కాలో చేయో పోగొట్టుకొని వచ్చిన ఇరవై రెండేళ్ళ పోరడికే ముందు చదువు కావాలి. నిలబడి చేసే కూలి పని ఇక చేయలేడు. కూచొని చేసే పనికి చదువు లేదు. సర్వీసులో ఉన్నప్పుడు ఇగ్నో డిగ్రీ, ఓపెన్ స్కూల్ సర్టిఫికెట్ గురించి మాట్లాడే పథకం గాయపడి వచ్చినవాడి చదువును ఒక హక్కుగా రాయలేదు. మొదటి జట్టు 2023 జనవరిలో శిక్షణ మొదలుపెట్టింది, వాళ్ళ నాలుగేళ్ళు 2027 మొదటికి నిండుతాయి. 1890లలో భర్తీ నిబంధన ఒక తరం దళిత పిల్లల బడిని మూసింది. ఈసారి భర్తీ తలుపు తెరిచే ఉంది, వెనకున్న బడి తలుపు మూసుకుంటోంది.

మనం అడగవలసింది, చేయవలసింది

దయ అడగడం లేదు. లెక్క అడుగుతున్నాం. వైకల్య పింఛనును ఎస్సీ, ఎస్టీ స్కాలర్‌షిప్ ఆదాయ లెక్కలోంచి తీసేయాలి. సైనికుడి బిడ్డ హక్కును, ఎస్సీ బిడ్డ హక్కును ఒకదానికొకటి పోటీ పెట్టడం ఆపాలి. డ్యూటీలో పోయిన కాలు ఎక్కడ పోయిందనే దాన్ని బట్టి పిల్లల ఫీజు మారకూడదు. గాయపడ్డ అగ్నివీరుడికి, రేపటి అతని పిల్లలకు మాజీ సైనికుల విద్యా పథకాలన్నీ వర్తించాలి. ఈ పథకాల లబ్ధిదారుల లెక్క జిల్లావారీగా, కులంవారీగా బయటపెట్టాలి.

సర్కారు ఒప్పుకునేదాకా ఆగనక్కర్లేని పనులు కొన్ని ఉన్నాయి. టీచర్లు తొమ్మిదో తరగతిలోనే ఎవరి తండ్రి, తల్లి సైన్యంలో చేశారో అడిగి తెలుసుకోవాలి. టెన్త్ నామినల్ రోల్స్ పోకముందే డిశ్చార్జి బుక్కు తెప్పించి పేరు, పుట్టిన తేదీ సరిచూడాలి. ఆ ఒక్క పనితో సగం ఫైళ్ళు తిరిగిరాకుండా ఉంటాయి. యువజన, దళిత సంఘాలు పింఛను కాయితంలో వైకల్య భాగం ఎంతో, గాయాన్ని ఏ మాటతో రాశారో చదివి కుటుంబానికి చెప్పాలి. ఆ మాట తప్పనిపిస్తే అప్పీలుకు పోవచ్చని చెప్పాలి. విద్యార్థులు మండలానికొకరు వీళ్ళ పేర్లు రాసి జాబితా చేస్తే, సర్కారు చేయని లెక్క మన చేతుల్లోకి వస్తుంది.

గాయం ఎట్లా అయిందో సిపాయికి తెలుసు. దాని పేరేంటో ఇప్పటిదాకా వేరేవాళ్ళు రాశారు. ఆ కాయితం ఇంట్లో ఎవరైనా చదవగలిగినప్పుడే దాన్ని మార్చమని అడగడం మొదలవుతుంది. చదివి పెట్టవలసింది ముందు చదువుకున్న మనమే.